గిటార్ పాఠాలు – 6: సరిగమల్లోంచి కార్డు ఎలా పుడుతుంది

పోయిన పాఠంలో ఐదో తీగ ఒక్కదాని మీదే పైకీ కిందకీ నడవమన్నాను. సి (ఇక్కడ మన స) నుంచి పై సి దాకా 3, 5, 7, 8, 10, 12, 14, 15 ఫ్రెట్లు (మెడ మీద లోహపు కడ్డీల మధ్య గడులు). చేసినవాళ్ళకి వేళ్ళ నొప్పి కన్నా విసుగే ఎక్కువ వచ్చి ఉంటుంది. రానివ్వండి. ఆ విసుగులోనే ఒక సంగతి చెవికి పట్టేసింది: గ నుంచి మకి, ని నుంచి పై సకి ఒక్క ఫ్రెట్టే జరుగుతాం, మిగతా చోట్ల రెండేసి. 2-2-1-2-2-2-1. మేజర్ స్కేలంటే ఇంతే. కర్ణాటక సంగీతంలో ఇవి 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరాలు, హిందుస్థానీలో బిలావల్ థాట్. అయితే రాగానికి గమకాలు, సంచారాలు ఉంటాయి, స్కేలుకి ఉండవు. కాబట్టి సి మేజర్ వాయించేసి, ఇంట్లో సంగీతం నేర్చుకుంటున్న అక్క ముందు "నాకు శంకరాభరణం వచ్చేసింది" అనకండి.

ఈసారి ఆ ఏడు స్వరాల్నీ నాలుగు ఫ్రెట్ల మధ్యకి తెచ్చుకుని, అందులోంచి కార్డులు (chords, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు) తీద్దాం.

ఎందుకీ తిప్పలు, కార్డుల చార్టు చూసి నేర్చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అమీర్‌పేట హాస్టల్ నుంచి బ్యాగు భుజాన వేసుకుని మెట్రోలో వచ్చే కుర్రాడొకడు మొదటి రోజే చెప్పాడు: "సార్, నాకు ఇరవై కార్డులు వచ్చు."

"సి కార్డు పట్టు" అన్నాను. ఠక్కున పట్టాడు. శుభ్రంగా మోగింది.

"ఇందులో గ ఏ వేలి కింద ఉంది?"

వేళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గ ఏంటి సార్? ఇది సి కార్డు కదా!"

అతనికి వచ్చింది ఇరవై బొమ్మలు. బొమ్మలు తప్పేం కాదు, పాట సాగిపోతుంది. కాకపోతే గాయకుడు శ్రుతి మార్చినా, ఒక కార్డు చేతికి అందకపోయినా, పాటలో కొత్త కార్డు తగిలినా అక్కడికక్కడే ఆగిపోవాలి. లోపల ఏ స్వరాలున్నాయో తెలిస్తే వేరే దారి చూసుకోవచ్చు.

నాలుగు వేళ్ళకి నాలుగు ఫ్రెట్లు

లావు తీగ నుంచి సన్న తీగ దాకా వదులు తీగల (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మోగించే తీగల) పేర్లు మళ్ళీ ఒకసారి: ఈ (E), ఏ (A), డి, జి, బి, ఈ. ఆరోది లావుది, ఒకటోది సన్నది. ఎడమ చేతిని రెండో ఫ్రెట్ దగ్గర ఉంచండి. రెండో ఫ్రెట్‌లో ఏ స్వరం వచ్చినా చూపుడు వేలు, మూడుకి మధ్య వేలు, నాలుగుకి ఉంగరం వేలు, ఐదుకి చిటికెన వేలు. చెయ్యి జరగకూడదు, వేళ్ళే కదలాలి.

ఐదో తీగ: 3 (స), 5 (రి)
నాలుగో తీగ: 2 (గ), 3 (మ), 5 (ప)
మూడో తీగ: 2 (ద), 4 (ని), 5 (పై స)

మొదటి స మధ్య వేలితో మొదలవుతుంది, చివరి స చిటికెన వేలితో ముగుస్తుంది. ఇబ్బంది పెట్టేది మూడో తీగ. ద దగ్గర చూపుడు వేలు, ని దగ్గర ఉంగరం వేలు, ఆ వెంటనే చిటికెన వేలు. చాలామందికి ఇక్కడ చిటికెన వేలు మడత పడి, గోటి పక్క భాగం తీగకి తగిలి "టప్" మంటుంది. అప్పుడు వేలిని ఇంకా గట్టిగా నొక్కడం మందు కాదు. మెడ వెనకాల ఉన్న మీ బొటనవేలు చూసుకోండి. అది పైకి పాకి, మెడ మీదుగా తొంగి చూస్తూ ఉంటుంది. దాన్ని మధ్య వేలికి సరిగ్గా వెనక్కి, మెడ మధ్యలోకి దించితే మణికట్టు కాస్త ముందుకొస్తుంది, చిటికెన వేలు దానంతటదే నిలబడుతుంది. ఇంకో మాట: వేలు ఫ్రెట్ గడి మధ్యలో కాకుండా, ముందున్న లోహపు కడ్డీకి ఆనీ ఆనకుండా, దాని వెనకే పడాలి. సగం బలంతోనే స్వరం మోగుతుంది. కడ్డీ మీదే పెడితే మూగబోతుంది, దూరంగా పెడితే జుయ్‌మంటుంది.

చిన్న చేతులవాళ్ళకి, పిల్లలకి ఈ నాలుగు ఫ్రెట్ల సాగదీత కష్టమే. నట్ (గిటార్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర గడులు వెడల్పు. తీగ పొడవు 650 మిల్లీమీటర్లుండే క్లాసికల్ గిటార్‌లో మొదటి గడి సుమారు 36 మిల్లీమీటర్లుంటే, పన్నెండో గడి 19 మాత్రమే. అందుకని వాళ్ళు ఇదే అమరికని పైకి తీసుకెళ్ళి, ఐదో తీగ పదో ఫ్రెట్‌ని స అనుకుని మొదలుపెట్టొచ్చు. అది జి మేజర్ అవుతుంది, వేళ్ళ వరుస మాత్రం మారదు. అలవాటయ్యాక వారానికో ఫ్రెట్ చొప్పున కిందకి దిగండి.

సాధన ఎలాగంటే, మన సరళీ వరసలే. కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు కొట్టే యాప్) 60 మీద పెట్టి దెబ్బకో స్వరం, కుదిరాక దెబ్బకి రెండు. మొదటి వరస తిన్నగా ఎక్కి దిగడం. రెండోది "సరి సరి సరిగమ" అని వెనక్కీ ముందుకీ వెళ్తుంది కదా, వేళ్ళకి అసలు పరీక్ష అదే. వాయించే స్వరాన్ని నోటితో అనండి. అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్ళు వింటారని మొహమాటమైతే గొంతు తగ్గించి అనండి, అనడం మాత్రం మానకండి.

చిన్నప్పుడు సంగీతం క్లాసుకి వెళ్ళినవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంటుంది. సరళీ వరసలు నేర్పేది మాయామాళవగౌళలో, కాబట్టి నోట్లో ఆ రి, ఆ దలే తిరుగుతాయి. వేళ్ళు ఒకటి వాయిస్తుంటే గొంతు ఇంకొకటి పాడుతుంది. కంగారు పడకండి. పై అమరికలో రిని, దని ఒక్కో ఫ్రెట్ కిందకి దించితే అదే మాయామాళవగౌళ: ఐదో తీగ 3, 4, నాలుగో తీగ 2, 3, 5, మూడో తీగ 1, 4, 5. రెండూ పక్కపక్కన వాయిస్తే తేడా చెవికి తెలిసిపోతుంది. మ, నిలని తీసేస్తే మోహనం స్వరాలు: 3, 5, తర్వాత 2, 5, మళ్ళీ 2, 5. రాక్ గిటారిస్టులు మేజర్ పెంటాటోనిక్ అంటూ రోజంతా వాయించేది ఈ ఐదు స్వరాలనే.

ఒకటి వదిలి ఒకటి

ఇప్పుడు కార్డు. స పట్టుకోండి, రి వదలండి, గ తీసుకోండి, మ వదలండి, ప తీసుకోండి. స-గ-ప. సి మేజర్ కార్డు ఇంతే, ఇందులో నాలుగో స్వరం లేదు.

మరి మనం పట్టే సి కార్డులో ఐదు తీగలు మోగుతాయి కదా? ఒక్కో తీగా చూద్దాం. ఐదో తీగ మూడో ఫ్రెట్, స. నాలుగో తీగ రెండో ఫ్రెట్, గ. ఈ రెండూ ఇందాక వాయించిన అమరికలోవే, అక్కడే ఉన్నాయి. మూడో తీగ వదులుగా మోగుతుంది, అది జి, అంటే ప. రెండో తీగ మొదటి ఫ్రెట్, మళ్ళీ స. ఒకటో తీగ వదులు, ఈ, అంటే మళ్ళీ గ. స గ ప స గ. అమీర్‌పేట కుర్రాడి ప్రశ్నకి జవాబు ఇదే: గ మధ్య వేలి కింద ఒకటి ఉంది, ఏ వేలూ లేని ఒకటో తీగలో ఇంకొకటి ఉంది.

"ఆరో తీగ మీటకూడదు" అని చార్టుల్లో ఇంటూ (X) గుర్తు పెడతారు. నిజానికి వదులు ఆరో తీగ కూడా ఈ (E) స్వరమే, అంటే గ. మోగితే అపస్వరమేమీ కాదు. కాకపోతే అడుగున స బదులు గ కూర్చోవడంతో కార్డుకి కాళ్ళు నేల మీద ఆనవు. అందుకే వద్దంటారు.

ఇదే లెక్కని ప్రతి స్వరం నుంచీ మొదలుపెట్టండి. రి-మ-ద అంటే డి, ఎఫ్, ఏ. గ-ప-ని అంటే ఈ, జి, బి. మ-ద-స, ప-ని-రి, ద-స-గ, ని-రి-మ. ఏడు స్వరాల నుంచి ఏడు కార్డులు, ఒక్కటి కూడా బయటి నుంచి తెచ్చింది కాదు. ఆదివారం సికింద్రాబాద్ చర్చిలో పాటల పుస్తకం తెరిచినా, కాలేజీ ఫెస్ట్‌లో సినిమా పాట ఎత్తుకున్నా, సి స్కేల్లో ఉన్న పాటకి ముప్పాతిక వంతు పని ఈ ఏడింటితోనే అయిపోతుంది.

ఏవి మేజర్, ఏవి మైనర్ అన్నది బట్టీ పట్టొద్దు, ఫ్రెట్లు లెక్కపెట్టండి. స నుంచి గకి నాలుగు ఫ్రెట్లు, గ నుంచి పకి మూడు. కింద నాలుగు, పైన మూడు ఉంటే మేజర్. రి నుంచి మకి మూడు, మ నుంచి దకి నాలుగు. తిరగబడింది, కాబట్టి డి మైనర్. ఇలా చూస్తే స, మ, పల మీద పుట్టేవి మేజర్లు (సి, ఎఫ్, జి), రి, గ, దల మీద పుట్టేవి మైనర్లు (డి మైనర్, ఈ మైనర్, ఏ మైనర్). ని మీద పుట్టేది ఒంటరిది: ని నుంచి రికి మూడు, రి నుంచి మకి మూడు. బి డిమినిష్డ్. ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళిపోవాలని తొందరపడుతున్నట్టు వినిపిస్తుంది. దాన్ని ఇప్పటికి పక్కన పెడదాం.

మేజర్‌కీ మైనర్‌కీ తేడా ఎంత చిన్నదో కళ్ళతో చూడాలంటే ఈ (E) మైనర్ పట్టండి: ఐదో తీగ 2, నాలుగో తీగ 2, మిగతావన్నీ వదులు. మీటండి. ఇప్పుడు మూడో తీగ మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు పెట్టి మళ్ళీ మీటండి. అది ఈ మేజర్. ఆరు తీగల్లో ఒక్క తీగ, ఒక్క ఫ్రెట్ మారింది. మారినది గాంధారం (గ): ఈ (E) స్వరాన్ని స అనుకుంటే సాధారణ గాంధారం కాస్తా అంతర గాంధారమైంది. డి, ఏలలోనూ ఇదే జరుగుతుంది. డి మైనర్‌లో ఒకటో తీగ మొదటి ఫ్రెట్‌లో ఉన్న వేలు రెండుకి జరిగితే డి మేజర్, ఏ మైనర్‌లో రెండో తీగ ఒకటి నుంచి రెండుకి జరిగితే ఏ మేజర్. ఈ మూడు జతల్నీ వరసగా మార్చి మార్చి మీటుతూ కాసేపు వినండి. పాట విషాదంలోకి జారే చోటు ఈ పాఠం తర్వాత మీకు వేలి కొసలో దొరుకుతుంది.

ఎఫ్ కార్డు గొడవ

చాలామంది గిటార్‌ని మంచం కింద పెట్టేసేది ఎఫ్ దగ్గరే. చూపుడు వేలు మొదటి ఫ్రెట్‌లో ఆరు తీగల మీదా అడ్డంగా పడాలి, మిగతా మూడు వేళ్ళూ లోపల నిలబడాలి. నట్ పక్కనే కాబట్టి అక్కడ తీగని కిందకి నొక్కడానికి బలం కూడా ఎక్కువ కావాలి. మూడు రోజులు ప్రయత్నించి, మణికట్టు లాగేసి, "మనవల్ల కాదులే" అనుకుంటారు.

ఇప్పుడు మన లెక్క తీద్దాం. ఎఫ్ అంటే మ-ద-స. నాకు కావలసింది మూడు స్వరాలు, ఆరు తీగలు కాదు. నాలుగో తీగ మూడో ఫ్రెట్‌లో మ ఉంది (మన అమరికలోదే), మూడో తీగ రెండో ఫ్రెట్‌లో ద ఉంది (అదీ అందులోదే), రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో స ఉంది. ఉంగరం, మధ్య, చూపుడు వేళ్ళు మెట్లు దిగినట్టు వరసగా పడతాయి. ఈ మూడు తీగలే మీటండి. ఇది సగం ఎఫ్ కాదు, పూర్తి ఎఫ్. సంగీతపరంగా ఇందులో లోటేమీ లేదు, కేవలం పలచగా వినిపిస్తుంది. వేలు అడ్డంగా వేసే ఆ బార్ కార్డు తర్వాత తీరిగ్గా నేర్చుకోవచ్చు. అది బలం సంగతి, రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా పాట ఆగక్కర్లేదు.

ఇంకో లాభముంది. ఇందులో వదులు తీగ ఒక్కటీ లేదు కాబట్టి ఈ ఆకారం మొత్తాన్నీ ఎక్కడికైనా జరపొచ్చు. రెండు ఫ్రెట్లు పైకి జరిపితే 5, 4, 3. అది ప-ని-రి, అంటే జి. ఇంకా పైకి, 10, 9, 8 దగ్గర స-గ-ప, అంటే సి. నాలుగో తీగ మీద ఏ స్వరం ఉంటే ఆ పేరుతో మేజర్ కార్డు వస్తుంది. ఫ్రెట్‌బోర్డు తెలియాలని నేను మొదటి పాఠం నుంచీ పోరుతున్నది ఇందుకే.

ఆ తెలివి తొందరగా రావాలంటే స జతలు పట్టుకోండి. ఐదో తీగ మీద స దొరికితే రెండు తీగలు దాటి, రెండు ఫ్రెట్లు పైన, మూడో తీగ మీద పై స ఉంటుంది: 3 దగ్గర సి, 5 దగ్గర సి. ఆరో తీగ నుంచి నాలుగో తీగకీ అంతే. నాలుగో తీగ నుంచి రెండో తీగకి, మూడో తీగ నుంచి ఒకటో తీగకి మాత్రం మూడు ఫ్రెట్లు జరగాలి. కారణం మీకు తెలిసిందే: మిగతా పక్క తీగల మధ్య ఐదు ఫ్రెట్ల దూరముంటే జి, బి తీగల మధ్య నాలుగే. శ్రుతి చేసేటప్పుడు ఆ ఒక్క చోట ఐదో ఫ్రెట్ బదులు నాలుగో ఫ్రెట్ నొక్కుతాం కదా, దాని ప్రభావమే ఇక్కడా.

తంబురా యాప్‌తో వచ్చే పేచీ

ఇంట్లో పాడేవాళ్ళున్న చోట ఈ ఫిర్యాదు తప్పకుండా వస్తుంది: "ఫోన్లో తంబురా పెట్టుకుని సి కార్డు వాయిస్తే గాంధారం కొంచెం పైకి ఉన్నట్టుంది సార్, గిటార్ బాగాలేదా?" గిటార్ బానే ఉంది. మీ చెవి కూడా బానే ఉంది. రెండు వరస ఫ్రెట్ల మధ్య అంతరాన్ని వంద సెంట్లుగా లెక్కేస్తారు. గిటార్‌లో స నుంచి గకి నాలుగు ఫ్రెట్లు, అంటే 400 సెంట్లు. తంబురా తీగ నాదంలోంచి తనంతట తనే పలికే గాంధారం సుమారు 386 దగ్గర ఉంటుంది. దాన్ని స్వయంభువు అంటారు మనవాళ్ళు. ఆ 14 సెంట్ల తేడానే మీరు వింటున్నది. పియానో, కీబోర్డు, గిటార్ అన్నింటిలోనూ ఇది ఉంది. ఏ స్వరం నుంచి మొదలుపెట్టినా స్కేలు ఒకేలా రావాలని పన్నెండు స్వరస్థానాల్నీ సమానంగా పంచినందుకు కట్టే పన్ను అది.

ఇందులో చిక్కేమిటంటే, చెవి బాగున్న వాళ్ళే ఇరుక్కుంటారు. సి కార్డు తియ్యగా మోగాలని ఒకటో తీగని కాస్త దించుతారు. సి అద్భుతంగా ఉంటుంది. వెంటనే ఏ మైనర్ పడితే అదే తీగ అక్కడ పంచమం, జారిపోయినట్టు వినిపిస్తుంది. మళ్ళీ ఎక్కిస్తారు. సాయంత్రం ఇలాగే గడిచిపోతుంది. ట్యూనర్ ముల్లు మధ్యలో నిలిచిందంటే అక్కడితో వదిలేయండి. ఏసీ గదిలోంచి మే నెల ఎండకి కాగిన హాల్లోకి గిటార్ తెచ్చారంటే మాత్రం పది నిమిషాలాగి మళ్ళీ శ్రుతి చూసుకోండి, అప్పుడు తప్పు నిజంగా తీగలదే.

"ఐదున్నర" అంటే ఏం చెయ్యాలి

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలాంటి చోట ఏదైనా సుగమ సంగీత కార్యక్రమంలో గిటార్ పట్టుకుని కూర్చున్నారనుకోండి. గాయని మీ వైపు తిరిగి జి షార్ప్ అనదు. "ఐదున్నర శ్రుతి" అంటుంది. హార్మోనియం లెక్క ఇది: ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ, ఏడు బి. మధ్యలో నల్ల మెట్లన్నీ అరలు: ఒకటిన్నర సి షార్ప్, ఐదున్నర జి షార్ప్. మూడున్నర లేదు, ఈ కీ ఎఫ్ కీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి.

ఒకటిన్నర అంటే కేపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) మొదటి ఫ్రెట్‌లో బిగించి, మీకొచ్చిన సి కార్డులే వాయించండి. రెండున్నర అంటే కేపో మూడులో. ఐదున్నరకి ఇదే లెక్క పెడితే కేపో ఎనిమిదో ఫ్రెట్‌కి పోతుంది, అక్కడ వేళ్ళకి చోటుండదు, నాదం బొమ్మ గిటార్‌లా కీచుమంటుంది. అందుకని ఆకారాల్నే మార్చాలి: కేపో ఒకటిలో పెట్టి, జిని స అనుకుని వాయించాలి. అప్పుడు స-గ-ప జి అవుతుంది, మ-ద-స సి అవుతుంది, ప-ని-రి డి అవుతుంది, ద-స-గ ఈ మైనర్ అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో బట్టీ పట్టినవాడు ఇక్కడ తడబడతాడు. "మ మీద కార్డు, ప మీద కార్డు" అని నేర్చుకున్నవాడికి శ్రుతి ఏదైనా పాట ఒకటే.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది

రోజూ ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ. మొదట అమరికలో రెండు సరళీ వరసలు, స్వరాలు పలుకుతూ. తర్వాత సి, ఏ మైనర్, మూడు తీగల ఎఫ్, జి. ఒక్కోటి నాలుగు దెబ్బలు. ఆగకుండా తిరగాలి, వేగం మీ ఇష్టం. మారేటప్పుడు ఏ వేలు కదలకుండా ఉండగలదో గమనించండి. సి నుంచి ఏ మైనర్‌కి ఉంగరం వేలు ఒక్కటే లేచి మూడో తీగ రెండో ఫ్రెట్‌కి పోతుంది, చూపుడు, మధ్య వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి. అనవసరంగా మూడు వేళ్ళూ లేపి మళ్ళీ పెట్టేవాళ్ళే వెనకబడతారు.

కాగితం మీద ఒక లెక్క కూడా: జిని స అనుకుని ఏడు స్వరాలూ, వాటి మీద ఏడు కార్డులూ రాయండి. ని దగ్గర ఎఫ్ కాదు, ఎఫ్ షార్ప్ రావాలి. ఎందుకో 2-2-1-2-2-2-1 లెక్కపెడితే మీకే తేలుతుంది. ఏడో పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకుని, ఆరో తీగ మీద స ఉన్న అమరికని మొదలుపెడదాం.